చూడటానికి ఇచ్చిన అనుమతి

నా ముందు రెండు పత్రాలున్నాయి. ఒకటి మన సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఇచ్చిన తీర్పు. రెండోది, డాక్టర్లు పొట్టిగా ఎష్రే అని పిలుచుకునే యూరోపియన్ సొసైటీ ఆఫ్ హ్యూమన్ రీప్రొడక్షన్ అండ్ ఎంబ్రియాలజీ 2022లో వెలువరించిన ఎండోమెట్రియోసిస్ మార్గదర్శకాలు. తీర్పును లాయర్లు చదువుతారు, మార్గదర్శకాలను గైనకాలజిస్టులు చదువుతారు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కడుపులో గ్యాస్ నింపి, కెమెరా దించి లోపలేముందో చూసే లాప్రోస్కోపీ గురించి మాత్రం రెండూ మాట్లాడతాయి. నెలనెలా మెలిపెట్టే నొప్పితో వెళ్లి, స్కానింగ్ రిపోర్టులో "నార్మల్" అని రాయించుకుని తిరిగొచ్చే అమ్మాయిలున్నారు. వాళ్లకి ఏదో ఒకరోజు "ఓసారి కెమెరా పెట్టి చూసేద్దామమ్మా" అనే మాట వినబడుతుంది. ఆ రాత్రి ఇంట్లో మొదలయ్యే తర్జనభర్జనకి ఈ రెండు పత్రాలూ కావాలి. ఏ ఒక్కటీ చాలదని నా అభిప్రాయం.

జబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలమే అండాశయాల మీద, పేగుల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద పెరిగితే అది ఎండోమెట్రియోసిస్. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అండాశయంలో పాత రక్తం చేరి చాక్లెట్ సిస్టుగా మారితే స్కానింగ్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. పేగుల్లోకో మూత్రనాళం చుట్టూనో లోతుగా దిగినదాన్ని కూడా అనుభవమున్న రేడియాలజిస్టు పట్టుకోగలరు. పొర మీద పలచగా, చుక్కల్లా ఉండేదే స్కాన్‌కు చిక్కదు. పోనీ అది చిన్న జబ్బే కదా అనుకోవడానికీ లేదు. ఎంత పాకిందన్న దానికీ ఎంత నొప్పన్న దానికీ పొంతన ఉండదు. నాలుగో స్టేజీలో ఉన్నావిడ హాయిగా ఆఫీసుకు పోతుంటే, మొదటి స్టేజీ పిల్ల బాత్రూం నేలమీద ముడుచుకుని పడుకుంటుంది.

2022 పత్రం చేసిన పెద్ద పని తెలియాలంటే దాని ముందటి కూర్పును పక్కన పెట్టి చూడాలి. 2013లో తయారై మరుసటేడు అచ్చయిన ఆ కూర్పు ప్రకారం జబ్బును తేల్చుకోవాలంటే లాప్రోస్కోపీ చేయాలి, ముక్క తీసి ల్యాబుకు పంపి ఖాయం చేసుకోవాలి. రుజువు లేకుండానే అనుమానం మీద హార్మోన్ మాత్రలు మొదలుపెట్టవచ్చని అదే కూర్పు ఒప్పుకుంది కూడా. ఆ మాటను చాలామంది పట్టించుకోలేదు, కెమెరా మాటనే పట్టుకున్నారు. 2022 కూర్పు ఆ పీట మీంచి కెమెరాను దించేసింది. స్కాన్‌లో ఏమీ కనబడనప్పుడో, మాత్రలు పని చేయనప్పుడో, మాత్రలు వాడే వీలు లేనప్పుడో మాత్రమే లాప్రోస్కోపీ అంది. ముందు చూడటమా, ముందు మందు ఇవ్వడమా అన్నదానిలో ఏది మేలో చెప్పే ఆధారాలు లేవని నిజాయితీగా ఒప్పుకుంది. రెంటి మంచిచెడ్డలూ రోగితో చర్చించమని డాక్టర్లకు చెప్పింది.

ఈ మార్పు సరైనదే. ఆపరేషన్‌లో కళ్లారా చూస్తే తప్ప నమ్మం అనే పట్టుదల ఎంతోమంది స్త్రీలను ఏళ్ల తరబడి మందు లేకుండా కూర్చోబెట్టింది. పైగా లాప్రోస్కోపీ ఎంత చిన్న గాటైనా ఆపరేషనే. చూడటానికి మాత్రమే చేసినా, వెయ్యిమందిలో సుమారు ఇద్దరికి తీవ్రమైన ఇబ్బంది రావచ్చని లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ లెక్క. పేగుకు గాయమైతే అది అప్పటికప్పుడు బయటపడని సందర్భాలు నూటికి పదిహేను దాకా ఉంటాయని కూడా వాళ్లే చెప్పారు. ఇక గ్యాస్ వల్ల రెండు మూడు రోజులు భుజాలు లాగేస్తాయి. కోసింది కడుపులో, నొప్పి భుజంలో అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు గానీ అది మామూలే.

అయితే ఆ "చర్చించండి" అన్న ఒక్క మాట దగ్గరే మార్గదర్శకం నాకు తేలిపోయినట్టు అనిపిస్తుంది. ఎవరు చర్చించాలి, ఎంతసేపు, ఏయే సంగతులు? ఓపీలో అరవై మంది టోకెన్లు పట్టుకుని కూర్చున్న చోట ఆ చర్చ "చేయిద్దామా వద్దా, ఇంట్లో అడిగి చెప్పండి" అన్న ఒక్క వాక్యంగా కుదించుకుపోతుంది. ఆ లోటును పూరించే పత్రం మన దగ్గరే, దానికంటే పద్నాలుగేళ్ల ముందే ఉంది.

తీర్పులోని కథ 1995 మే నెలలో ఢిల్లీలో జరిగింది. నలభై నాలుగేళ్ల అవివాహిత ఒకావిడ తొమ్మిది రోజులుగా నెలసరి ఆగడం లేదని క్లినిక్‌కు వెళ్లింది. స్కానింగ్ తర్వాత, లాప్రోస్కోపీ చేస్తే గానీ తెలియదన్నారు. మర్నాడు ఆమె సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది లాప్రోస్కోపీ గురించి, అవసరమైతే పొట్ట తెరవడం గురించి. మత్తిచ్చాక లోపల ఎండోమెట్రియోసిస్ కనబడింది. థియేటర్‌లోంచి అసిస్టెంట్ డాక్టరు బయటికొచ్చి, అక్కడ కూర్చున్న తల్లిని అడిగి సంతకం తీసుకుంది. రోగికి మెలకువ వచ్చేసరికి గర్భసంచి లేదు, అండాశయాలూ లేవు. వినియోగదారుల జాతీయ కమిషన్ ఆమె ఫిర్యాదును కొట్టేసింది. సుప్రీంకోర్టు మాత్రం ఆమె వైపు నిలబడింది. చూడటానికి ఇచ్చిన అనుమతి తీసేయడానికి ఇచ్చిన అనుమతి కాదంది. ప్రాణం మీదికొస్తే తప్ప, మేజరైన మనిషి స్పృహలోకి వచ్చేదాకా ఆగాలి గానీ తల్లి సంతకం చెల్లదంది.

ఆ తీర్పే ఇంకో పని కూడా చేసింది. సంతకం పెట్టే ముందు రోగికి ఏమేం చెప్పాలో విడమర్చింది: చికిత్స ఎలా ఉంటుంది, దేనికోసం, దానివల్ల ఒరిగేదేమిటి, వేరే దారులున్నాయా, పెద్ద ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది. ఎష్రే పత్రం "చర్చించండి" అని వదిలేసినదానికి కోర్టు ఇచ్చిన విషయసూచిక ఇది. వైద్యులు రాయాల్సిన పేరా న్యాయమూర్తులు రాశారు.

అలాగని తీర్పును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఎంత వివరం చెప్పాలన్న దానికి అమెరికా కోర్టుల కొలత, అంటే వివేకం గల రోగి ఏమేం తెలుసుకోవాలనుకుంటుందో అది, మన దేశ పరిస్థితులకు పొసగదని పక్కన పెట్టి, వైద్యవృత్తిలో సబబని ఒప్పుకునే మేరకు చెబితే చాలన్న బ్రిటిష్ కొలతను ఎంచుకుంది. నొప్పి పడే మనిషి వైపునుంచి చూస్తే అది వెనకడుగే. ఇక పరిహారం సంగతి సరేసరి: డాక్టరు ఫీజు రద్దు, పైన ఇరవై అయిదు వేల రూపాయలు. రెండు అండాశయాలకూ ఒక గర్భసంచికీ అది ధర అనుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అన్నిటికంటే ముఖ్యంగా, అసలు కెమెరా పెట్టాలా వద్దా అన్నది ఆ తీర్పు అడగదు. అడగాల్సిన అవసరం దానికి లేదు. ఆ ప్రశ్న కోసం మళ్లీ ఎష్రే దగ్గరికే రావాలి.

రెండు పత్రాలూ నేరుగా ఢీకొనే చోటు ఒకటుంది. లాప్రోస్కోపీలో జబ్బు కనబడితే అక్కడికక్కడే తీసేయడం మేలని వైద్యుల మాట. రెండుసార్లు మత్తెందుకు, రెండుసార్లు ఖర్చెందుకు? కోర్టేమో, చూడటానికి ఒప్పుకున్న మనిషిని ముట్టుకోవద్దంటోంది. రెండూ సబబే. మత్తులోకి జారకముందే ఏది తీయవచ్చో ఏది తీయకూడదో కాగితం మీద పడితే ఈ పేచీ ఉండదు. చూడటానికీ చికిత్సకూ కలిపి ఒకే అనుమతి తీసుకోవచ్చని కోర్టు కూడా ఒప్పుకుంది. పొర మీది చుక్కల్ని తీయండి. సిస్టు ఉంటే దాన్ని ఒలిచేయండి. పేగు జోలికి వెళ్లాల్సి వస్తే ఆపేసి నాతో మాట్లాడండి, ఆ పని చేయగల టీమ్ ఉన్న చోటికి పంపండి. అండాశయం, గర్భసంచి ముట్టుకోవద్దు. ఇంత స్పష్టంగా రాయించుకుంటామంటే చిరాకు పడే సర్జన్ దగ్గర నేనైతే పడుకోను.

ఇంతా చేసి లోపల ఏమీ కనబడకపోతే? ఇక్కడ వైద్యులకే ఒక్క మాట లేదు. ఇంగ్లండ్‌కు చెందిన నైస్ సంస్థ 2017 మార్గదర్శకంలో, పద్ధతిగా మొత్తం వెతికిన లాప్రోస్కోపీలో ఏమీ లేకపోతే ఆమెకు ఎండోమెట్రియోసిస్ లేదని చెప్పి, నొప్పికి వేరే దారి చూపించమంది. ఎష్రే అంత ధీమాగా లేదు: ల్యాబులో తేలితే ఉన్నట్టే గానీ, తేలనంత మాత్రాన పూర్తిగా లేనట్టు కాదంది. నాకు ఎష్రే జాగ్రత్తే నచ్చుతుంది. ఎందుకంటే చూడటమన్నది చూసేవాళ్ల కళ్లను బట్టి ఉంటుంది. ఒకప్పుడు సర్జన్లు కాలిన మచ్చల్లాంటి నల్లటి చుక్కల కోసమే వెతికేవాళ్లు. ఎర్రగా, తెల్లగా, నీటిబుడగల్లా కూడా అది ఉంటుందని 1980లలో గానీ అందరి దృష్టికీ రాలేదు. కానీ నైస్ మాటలో ఓ దయ ఉంది. "లేదు" అన్న జవాబు వచ్చాక కూడా నొప్పి నిజమే కాబట్టి చికిత్స ఆగకూడదన్నది దాని సారం. మన ఇళ్లలో "ఏమీ లేదట" అన్న మాట "అంతా నీ భ్రమ" అన్న అర్థంలోకి జారడానికి ఒక్క పూట చాలు.

కనబడి తీసేస్తే తగ్గుతుందా అంటే, రెండు చిన్న అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. 1994లో బ్రిటన్‌లో సటన్ బృందం 63 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు లేజర్‌తో చికిత్స చేసింది, రెండో గుంపుకు కెమెరా పెట్టి చూసి ఊరుకుంది. ఆరు నెలలకు మొదటి గుంపులో 62.5 శాతానికి, రెండో గుంపులో 22.6 శాతానికి నొప్పి తగ్గింది. 2004లో అబాట్ బృందం 39 మందితో అదే తరహాలో చేస్తే, జబ్బును కోసి తీసినవాళ్లలో 80 శాతం, చూసి వదిలినవాళ్లలో 32 శాతం తేలికపడ్డారు. తీయడం పని చేస్తోందని ఒప్పుకోవాల్సిందే. చూసి వదిలేసినా అయిదుగురిలో ఒకరికి మించి తేలికపడ్డారన్నదీ, తీసినా అయిదుగురిలో కనీసం ఒకరికి తగ్గలేదన్నదీ అంతే నిజం. కోర్టు చెప్పిన సంగతుల్లో "ఒరిగేదేమిటి" అన్నదానికి జవాబు ఈ అంకెల్లోనే ఉంది. దాన్ని రోగికి చెప్పినవాళ్లు ఎంతమందో!

తెలుగునేల మీదికి వస్తే లెక్క తలకిందులవుతుంది. ఆపరేషన్లు తగ్గించండని యూరప్ పత్రం అంటోంది. మనకు కొరత చూసే ఆపరేషన్‌లోనే గానీ తీసేసే ఆపరేషన్‌లో కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది అన్న మాట మన ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ ఒకేలా వినిపిస్తుంది. గర్భసంచి తీసినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ పోతుందన్న హామీ లేదని 2022 పత్రం డాక్టర్లకు గుర్తు చేస్తుంది. జబ్బు ఉన్నది గర్భసంచి బయట కదా! ఇంగ్లిషు నవలాకారిణి హిలరీ మాంటెల్ ఇరవై ఏడేళ్లకే గర్భసంచినీ అండాశయాలనూ పోగొట్టుకుంది. జబ్బు మళ్లీ వచ్చింది. 2003లో అచ్చయిన ఆమె ఆత్మకథలో ఈ సంగతంతా ఉంది.

ఇక పెళ్లికాని పిల్లల సంగతి. స్కాన్‌ను నమ్మవచ్చని ఎష్రే అంటున్నది యోని మార్గంలో చేసే స్కాన్‌ను దృష్టిలో పెట్టుకుని. మన దగ్గర గదిలోకి అడుగు పెట్టగానే మొదటి ప్రశ్న "పెళ్లయిందామ్మా?" కాలేదంటే సీసా నీళ్లు తాగించి, పొట్ట మీద జెల్ రాసి, పైపైన చూసి పంపేస్తారు. ఆ కాగితం మీద "నార్మల్" అని ఉంటే అది ఎష్రే మాట్లాడుతున్న నార్మల్ కాదు. యోని స్కాన్ కుదరని చోట ఎమ్మారై గానీ మలద్వారం గుండా చేసే స్కాన్ గానీ ఆలోచించమని కూడా ఆ పత్రమే చెబుతుంది. కాబట్టి మన అమ్మాయి విషయంలో కెమెరా కంటే ముందు అడగాల్సింది ఆ ఎమ్మారై, దాన్ని ఈ జబ్బు కోసం చదవడం తెలిసిన రేడియాలజిస్టు. ఆ తర్వాత డైనోజెస్ట్ లాంటి మాత్రలు కొన్ని నెలలు వాడి చూడటం. "పెళ్లికాని పిల్లకి హార్మోన్ మాత్రలా" అని అమ్మమ్మ నోరు నొక్కుకుంటుంది, నొక్కుకోనివ్వాలి. మాత్రలకు లొంగకపోతేనో, పడకపోతేనో, లేదా పిల్లల కోసం ప్రయత్నిస్తూ మాత్రలు వాడలేని స్థితిలో ఉంటేనో, అప్పుడు లాప్రోస్కోపీకి నా ఓటు. అప్పుడైనా 2022 పత్రం పట్టుకుని వెళ్లి, 2008 తీర్పు పట్టుకుని సంతకం పెట్టాలి. కాగితంలో "అవసరమైతే ఇతర చికిత్సలు" అని ముందే అచ్చయి ఉండే లైనును పెన్నుతో కొట్టేసి, పక్కన ఆమే పొట్టి సంతకం పెట్టాలి. దాని కిందుండే "బంధువు సంతకం" గడిని నాన్న నింపినా మొగుడు నింపినా సాక్ష్యం వరకే చెల్లుతుంది.