మనుషులు చాలరా, జీతం చాలదా?

కంపెనీల యాజమాన్యాలనే అడిగి దేశంలో వ్యాపార వాతావరణం ఎలా ఉందో తెలుసుకుని, ఆ అభిప్రాయాలను అంకెలుగా మార్చే పద్ధతికి బ్యాంక్ ఆఫ్ జపాన్ మూడు నెలలకోసారి జరిపే ‘టంకన్’ సర్వే మంచి ఉదాహరణ. దాదాపు 9 వేల కంపెనీలకు ప్రశ్నావళి వెళితే నూటికి 99 వంతుల జవాబులు తిరిగివస్తాయి. దేశం ఎలా ఉందని కాక, తమ సంస్థ పరిస్థితి బాగుందా, అంతంతమాత్రమా, బాగోలేదా అని మాత్రమే అడగడం ఈ సర్వే నేర్పు. ఊరందరి సంగతి చెప్పమంటే వినికిడి కబుర్లు వస్తాయి గాని, తన ఖాతా పుస్తకం గురించి అడిగితే యజమాని తెలిసిందే చెబుతాడు.

బాగుందన్న వారి శాతంలోంచి బాగోలేదన్న వారి శాతాన్ని తీసివేయగా మిగిలే సంఖ్యను వ్యాప్తి సూచీ అంటారు. నూరు కంపెనీల్లో 40 బాగుందని, 15 బాగోలేదని అంటే సూచీ 25. అయితే 25 బాగుందని, తక్కిన 75 అంతంతమాత్రమని చెప్పినా అదే 25 వస్తుంది. అందువల్ల ఈ సూచీ గాలి ఎటు వీస్తోందో చెబుతుందే తప్ప, ఎవరి లాభం ఎంత పెరిగిందో, ఎవరి నష్టం ఎంత లోతో చెప్పదు. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు; ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదిరిన 2009 మార్చిలో పెద్ద తయారీ సంస్థల సూచీ మైనస్ 58కి పడిపోయి, కర్మాగారాల్లో అలముకున్న భయాన్ని సూటిగానే పట్టి ఇచ్చింది.

ఇదే సర్వేలో ఉద్యోగుల సంఖ్య గురించి మరో ప్రశ్న ఉంటుంది. మనుషులు ఎక్కువగా ఉన్నారన్న కంపెనీల శాతంలోంచి చాలడం లేదన్న వాటి శాతాన్ని తీసివేస్తారు కనుక, ఇక్కడ మైనస్ గుర్తు కొరతను సూచిస్తుంది. 2009లో మిగులు చూపిన ఈ లెక్క తరువాతి దశాబ్దంలో లోటుగా మారి, 2024 చివరికి అన్ని రంగాలకూ కలిపి మైనస్ 35 కంటే కిందికి దిగింది. దీనికి జనాభాలో బలమైన కారణమే ఉంది: 15 నుంచి 64 ఏళ్ల వయసున్నవారు 1995 నాటికి సుమారు 8.7 కోట్లు ఉండగా, ఇప్పుడు దాదాపు 7.4 కోట్లే ఉన్నారు.

అయినా ఆ సమాధానాన్ని ఉన్నదున్నట్టు స్వీకరిస్తే సగమే అర్థమవుతుంది, ఎందుకంటే చాలడం లేదన్న మాట వెనుక ‘ఇప్పుడిస్తున్న జీతానికి, ఇప్పుడున్న పనిగంటలకు’ అన్న షరతు దాగి ఉంటుంది, ఆ ప్రశ్న దాన్ని అడగదు. సరుకు కొరవడితే ధర పెరగాలన్నది అర్థశాస్త్రంలో తొలి పాఠం. జపాన్‌లో మాత్రం కొరత ముదురుతున్నా జీతాలు ఏళ్ల తరబడి దాదాపు కదలలేదు. పార్ట్‌టైమ్, కాంట్రాక్టు పద్ధతుల్లో చేరిన మహిళలూ వృద్ధులూ ఆ ఖాళీని చాలావరకు పూడ్చారు.

లారీ డ్రైవర్ల విషయం ఆ దాగిన షరతును మరింత స్పష్టం చేస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి వారి ఓవర్‌టైమ్‌కు ఏడాదికి 960 గంటల పరిమితి వచ్చినప్పుడు రవాణా సంస్థలు కొత్తగా కొరత వచ్చిందని ఆందోళన పడ్డాయి; నిజానికి అది పాత కొరతే, అంతవరకు డ్రైవర్లు తమ నిద్రతో దాన్ని పూడుస్తూ వచ్చారు.

ఏటా వసంతంలో యూనియన్లు, యాజమాన్యాలు జరిపే వేతన చర్చలను ‘షుంతో’ అంటారు. కార్మిక సమాఖ్య రెంగో లెక్క ప్రకారం 2024లో సగటు పెంపు 5.10 శాతానికి చేరి, మూడు దశాబ్దాల తరువాత తొలిసారి 5 శాతం దాటింది. చిన్న సంస్థల యూనియన్లకు మాత్రం 4.45 శాతమే దక్కింది. పెద్ద కంపెనీకి విడిభాగాలు చేసే చిన్న సంస్థ తన సరుకు ధర పెంచుకోలేనప్పుడు జీతమూ పెంచలేదు కనుక, అది మనుషులు లేరని చెప్పే ఫిర్యాదులో కొంత భాగం బేరమాడే బలం లేదన్న ఫిర్యాదే.

ఈ కొరత తెలుగువారికి దూరపు సంగతేమీ కాదు. 2021 జనవరిలో భారత్, జపాన్‌లు నిర్దిష్ట నైపుణ్య కార్మికులపై ఒప్పందం చేసుకున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివిన యువతకు జపాన్ భాష నేర్పించి అక్కడికి పంపే ఏర్పాట్లు చేస్తోంది. వెళ్లేవారు ఆ మైనస్ సంఖ్యను అవకాశంగా చూడడం సహజమే గాని, కొరత ఎక్కువగా ఉన్న రంగం ఎక్కువ జీతమిచ్చే రంగమే కానక్కరలేదని గుర్తుంచుకుని, గంటకు వచ్చేదెంత, ఇంటి అద్దెకు పోయేదెంత, యజమానిని మార్చుకునే వీలుందా అని ముందే విచారించుకోవాలి.

భారత రిజర్వ్ బ్యాంకు కూడా తయారీ సంస్థలను ఇలాగే మూడు నెలలకోసారి అడిగి, ఆశావహుల శాతంలోంచి నిరాశావహుల శాతాన్ని తీసివేస్తుంది. ఏ దేశంలోనైనా ఇటువంటి సర్వేలు యాజమాన్యం కూర్చున్న కుర్చీ నుంచి కనిపించేదాన్ని నిజాయితీగానే నమోదు చేస్తాయి. దాన్ని దేశమంతటి చిత్రంగా చదివితే ఆ తప్పు చదివినవారిది. జపాన్ ఉద్యోగ సూచీ రేపు ఇంకా కిందికి దిగితే, అది మనుషులు తగ్గారన్న సంగతిని ఎంత చెబుతుందో, పాత జీతానికి మనుషులు దొరికే రోజులు పోయాయన్న సంగతినీ అంతే చెబుతుంది.