వారసత్వం జాబితాలో పింజారి ఎక్కడ?

విశ్వవిద్యాలయానికి కొత్త వైస్ ఛాన్సలర్ వచ్చినప్పుడల్లా మా వైపు ఒకే ఉపన్యాసం వినబడుతుంది. కొత్త కోర్సులు, కొత్త భవనాలు, పెరగబోయే ర్యాంకు. ఆ తర్వాత 'మన ఘనమైన వారసత్వం'. శాతవాహనులు, ఇక్ష్వాకులు, అమరావతి స్తూపం, ఆచార్య నాగార్జునుడు. అందరూ చప్పట్లు కొడతారు. మేమూ కొడతాం. ఇంటికొచ్చాక మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఈ 'మన'లో మేం ఉన్నామా?

గుంటూరులో 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్‌గా మొదలైన చదువు 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. 2004లో పేరుకు ముందు 'ఆచార్య' చేరింది. ఒంగోలులోని దాని పీజీ కేంద్రం 2022లో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయమైంది. పత్తి, మిరప పండించేవాళ్ల పిల్లలు విశాఖ రైలెక్కకుండానే ఎం.ఏ.లు, ఎమ్మెస్సీలు చదివారు. ఇది చిన్న సంగతేమీ కాదు. మా ఇళ్లలోకీ కొన్ని పట్టాలు అక్కణ్ణించే వచ్చాయి. ఆ చెట్టు నీడ తెలిసినవాళ్లం కాబట్టే అడుగుతున్నాం.

1976 సెప్టెంబరు 11న ఆ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. 'మనవాడే' అని మాలో కొందరు మురిసిపోతారు. కానీ ఆ చెయ్యే 1975 జూన్‌లో ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టింది. మా పేరున్న మనిషి పెద్ద కుర్చీలో కూర్చున్నంత మాత్రాన మా బతుకు పెద్దదైపోదు. కుర్చీ సంగతి సరే, బెంచీల మీద ఎవరున్నారు? 20 ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లు 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. దేశం మొత్తానికి అది దాదాపు 7 శాతం. గర్వం గురించి మాట్లాడే ముందు ఈ లెక్క గుర్తుండాలి.

ఇక వారసత్వం. ఈ నల్లరేగడిలో పత్తి పండించినవాడు రైతు. కొన్నవాడు షావుకారు. జిన్నింగ్ మిల్లు పెట్టినవాడు పారిశ్రామికవేత్త. ఆ దూదిని ఏకి, పరుపులు కుట్టి, ఊరందర్నీ మెత్తగా పడుకోబెట్టినవాడు దూదేకుల సాయిబు. మొదటి ముగ్గురికీ చరిత్రలో పేజీలున్నాయి. నాలుగోవాడికి సామెతలున్నాయి. అవీ ఎగతాళి సామెతలే.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను లక్షలమంది ముందుకు తెచ్చాడు. తన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు. నలుగురూ తిట్టుగా వాడే మాటను తలెత్తి చెప్పుకున్నాడు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పట్టుకుని శ్రీరంగం చేరాడు. 1998లో సంగీత కళానిధి అయ్యాడు. ఇద్దరికీ పద్మశ్రీలొచ్చాయి. తెలుగు కథాగానానికీ, గుడి వాకిట మంగళవాద్యానికీ ఊపిరి పోసిన ఈ ఇద్దరూ సాయిబులే. వారసత్వమంటే రాళ్లేనా? ఊపిరి కాదా?

అయినా మేం రెండు గుమ్మాల దగ్గరా నిలబడి జవాబు చెప్పుకోవాలి. మేం చదివిన ఒక కాలేజీలో హాజరు పిలుస్తూ మాస్టారు, 'తెలుగు బానే మాట్లాడుతున్నావే, ఎక్కడ నేర్చుకున్నావోయ్?' అన్నాడు. అమ్మ ఒళ్లో నేర్చుకున్నాం సార్ అనాలనిపించింది, అనలేకపోయాం. ఆ సాయంత్రమే ఉర్దూ మాట్లాడే సాటి ముస్లిం, 'ఉర్దూ రాదా? దూదేకులా?' అని పెదవి విరిచాడు. పొద్దున పరాయివాళ్లం. సాయంత్రానికి సగం ముసల్మానులం.

సర్కారు కాగితాల్లోనూ అంతే. దూదేకుల, నూర్‌బాషాలు బీసీ-బీలో. 2007 చట్టంతో మరికొన్ని ముస్లిం సమూహాలు బీసీ-ఈలో. 2016లో కర్నూలులో అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం పెట్టారు. ఉర్దూవాళ్లకు అది కావలసిందే, సంతోషం. కానీ ముస్లిముల చదువు బాకీ అంతటితో తీరిపోయిందనుకుంటే ఎలా? తెలుగులో ఏడ్చి, తెలుగులో నవ్వి, తెలుగులోనే అల్లాను వేడుకునే తల్లుల బిడ్డలు ఎక్కడికి పోవాలి?

అమరావతి స్తూపం కథ గుర్తుచేసుకోండి. ఆ చెక్కిన రాళ్లను ఒకప్పుడు సున్నం కోసం కాల్చుకున్నారు. మిగిలినవాటిలో చాలావరకు లండనుకూ, మద్రాసుకూ పోయాయి. అది వారసత్వమని మనకు ఆలస్యంగా తెలిసింది. ఏకే విల్లు మూలబడింది. నాదస్వరం నేర్పే ఇళ్లు తగ్గిపోతున్నాయి. మమ్మల్నీ సున్నం చేశాకే మ్యూజియంలో పెట్టుకుంటారా?

మేం విగ్రహం అడగటం లేదు. జయంతినాడు పూలదండా అడగటం లేదు. దూదేకుల ముసలివాళ్ల నోటి చరిత్రను రాసిపెట్టే పరిశోధన అడుగుతున్నాం. నాజర్ జీవితం పాఠమై క్లాసులో వినబడాలంటున్నాం. మా ఆడపిల్లలకు భయంలేని హాస్టలు గది అడుగుతున్నాం.

1976 నుంచి లెక్కేస్తే 2026కి ఆ విశ్వవిద్యాలయానికి 50 ఏళ్లు. దాని ఆదర్శవాక్యం 'సత్యే సర్వం ప్రతిష్ఠితం'. అన్నీ సత్యం మీదే నిలబడతాయని. బాగుంది. ఆ సత్యంలో మా వంతు కూడా కలపండి. అప్పుడు మేం కొట్టే చప్పట్లు మాకూ వినబడతాయి.