ఫాల్డా తామ్రఫలకములందలి రోమా నగరము

జొవాన్ని బత్తిస్తా ఫాల్డా రాగిరేకులపై చెక్కిన రోమా నగర చిత్రముల సంపుటము 1665వ సంవత్సరమున వెలువడెను. అప్పటి పోపు ఏడవ అలెగ్జాండరు మతాధిపతియే గాక రాజ్యాధిపతియు నయి యుండెను. ఆయన కట్టించిన సౌధములును, విశాలములైన ముంగిళ్లును ఇందు ప్రధాన విషయములు. ఇవి నగరమును ఉన్నదున్నట్లు చూపునని పలువురు తలంతురు. అది పూర్ణసత్యము కాదు. గ్రంథనామమునందే ‘రంగస్థల’ మను శబ్దము కలదు.

సెయింటు పీటరు దేవాలయపు ముంగిలిని పరిశీలింతము. అచ్చట బెర్నీని కల్పించిన స్తంభపంక్తుల రూపకల్పన 1656లో ప్రారంభమయ్యెను. అవి రెండు బాహువులవలె వంగి యున్నవి. వాని నడుమ తూర్పుదెస మూడవ బాహువును కూడ నిర్మింపవలెనని శిల్పి సంకల్పించెను. ఫాల్డా చిత్రమున అదియు పూర్తియైనట్లే కానవచ్చును. కాని 1667లో పోపు మరణించెను. ఆ భాగము నేటికిని లేదు.

ఇక చిత్రణరీతి. చూపును మిక్కిలి యెత్తున నిలిపి, మనుష్యులను, బండ్లను అణుమాత్రములుగ జేయుటచే ముంగిలి ఉన్నదానికంటె విశాలముగ తోచును. ఇది రేఖలతో రచించిన అతిశయోక్తి. రోమాకు రానివారికి ఈ కాగితమే నగరము. ప్రభువు కోరినదే వారికి కట్టినది.

కావున చరిత్రకారుడు వీనిని సాక్ష్యముగ గొనునపుడు కట్టినదేదో, కట్టదలచినదేదో వేరుపరుపవలెను. అంతమాత్రమున వీని విలువ తగ్గదు. రాయి చెప్పజాలని రాజసంకల్పమును రాగిరేకు చెప్పుచున్నది.