జున్నంటే చీజు కాదు

కాకి జున్నుముక్కను నోట కరుచుకుని చెట్టుకొమ్మ మీద వాలిందని చిన్నప్పుడు కథల పుస్తకంలో చదివి తెగ ఆలోచించాను. చెంచా తగిలితేనే చితికిపోయే జున్నును కాకి ఎలా పట్టుకుంది? మా ఇంట్లో గేదె ఈనినప్పుడు తినే జున్ను వేరు, కాకి తినబోయినది వేరు అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇంగ్లీషు చీజుకు తెలుగు మాట దొరక్క ఎవరో జున్నును తగిలించారు. అది అలాగే నిలిచిపోయింది.

చీజు చెయ్యాలంటే ముందు పాలను విరగ్గొట్టాలి. ఐరోపాలో అందుకు లేగదూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌ను తరతరాలుగా వాడారు. విరిగిన గడ్డను పిండి, ఉప్పు పట్టించి, 10 నుంచి 15 డిగ్రీల చల్లదనముండే నేలమాళిగల్లో నెలల తరబడి మాగబెడతారు. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో ఆ పని కుదిరేది కాదు. పైగా మనకు పాలు విరిగాయంటే నష్టం కిందే లెక్క. ఇంత చక్కెర వేసి, కోవాలా దగ్గరికొచ్చేదాకా తిప్పి పిల్లల చేతిలో పెట్టి మరిచిపోతాం. పాలను నిలవ చేసే విద్యలో మన ఆడవాళ్ళు మరో దారి పట్టారు. తోడు, కవ్వం, నెయ్యి కాచే గిన్నె, ఈ మూడే వాళ్ళ పనిముట్లు.

అసలు పని పాలు కాగడంతోనే మొదలవుతుంది. కోస్తా పల్లెల్లో పెరట్లో దాలిగుంట ఉండేది. పిడకలు రాజేస్తే మంట లేకుండా నిప్పు పూటంతా నివురు కింద కునుకుతూ ఉంటుంది. దాని మీద పొద్దున పెట్టిన కుండలో పాలు సాయంత్రానికి లేత ఎరుపు తిరుగుతాయి, పైన అట్టులా మీగడ కడుతుంది. పాలలోని చక్కెర, మాంసకృత్తులు వేడికి కలిసి మారడం వల్ల వచ్చే రంగు అది. అంతసేపు కాగితే నీరు తగ్గుతుంది. మాంసకృత్తుల్లో కొన్ని వేడికి రూపు మారి మిగతావాటిని అంటిపెట్టుకుంటాయి. కత్తితో కోయగలిగినంత గట్టి పెరుగు రహస్యం ఇదే. ఒక్క పొంగు రాగానే దించేసి, పెరుగు పల్చగా ఉందని పాలవాణ్ణి తిట్టడం అన్యాయం.

ఇక తోడు. కొన్ని ప్రాంతాల్లో చేమిరి అంటారు. పాలలో వేలు పెడితే వెచ్చగా తగలాలి గాని చురుక్కుమనకూడదు. కొలిచి చూస్తే అది 40, 45 డిగ్రీల మధ్య ఉంటుంది. అంతకు మించితే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నేనొకసారి తొందరపడి పొగలు కక్కే పాలలోనే తోడు వేశాను. మర్నాడు చుట్టాల విస్తళ్ళలో వడ్డించినదానికి ఇప్పటికీ పేరు పెట్టలేదు. అర లీటరు పాలకు ఒక చెంచా చాలు. ఎక్కువ వేస్తే త్వరగానే తోడుకుంటుంది, అంత త్వరగానూ పులుస్తుంది. చలికాలంలో గిన్నెకు దుప్పటి చుట్టేవాళ్ళు, బియ్యం డబ్బాలో దించేవాళ్ళు. అమెరికాలో మన పిల్లలు ఓవెన్‌లో లైటు వేసి పెడుతున్నారు. తోడు బొత్తిగా లేని రోజున గోరువెచ్చని పాలలో నాలుగు ఎండుమిరపకాయ తొడిమలు వేస్తే చాలు. ఆ పెరుగు అంత రుచిగా ఉండదు, కానీ దాన్ని తోడుగా వేస్తే మర్నాటి పెరుగు బాగుంటుంది.

చిలకడానికి మాత్రం చెవి కావాలి. మొదట పల్చగా వినిపించే కవ్వం చప్పుడు వెన్న పడే వేళకు బరువెక్కుతుంది. ఎండాకాలంలో తెల్లవారకముందే చిలికేవాళ్ళు. వేడికి కొవ్వు మెత్తబడి జారిపోతుందే గాని ముద్దకట్టదు. అందుకే వేసవిలో చన్నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చటి నీళ్ళు పోస్తారు. మిక్సీలో ఐసుముక్కలు వేసి తిప్పినా జరిగేది అదే, నాకేమీ అభ్యంతరం లేదు. ప్యాకెట్ పాలు కొనేవాళ్ళు మాత్రం ఒక సంగతి చూసుకోవాలి. హోమోజినైజ్డ్ అని రాసి ఉంటే ఆ పాలకు మీగడ సరిగా కట్టదు. అందులో కొవ్వు కణాలను ముందే చితక్కొట్టి పాలంతటా కలిపేస్తారు.

వెన్నను రెండు మూడు నీళ్ళతో కడిగాకే పొయ్యెక్కించాలి. మజ్జిగ మిగిలితే నెయ్యికి ముక్కవాసన వస్తుంది. వెన్నలో ఆరో వంతు నీరే. కిలో కాస్తే సుమారు 800 గ్రాముల నెయ్యి చేతికొస్తుంది. నీరు పోతున్నంతసేపూ చిటపటలాడుతుంది. ఆ చప్పుడు సద్దుమణిగి, కమ్మటి వాసన వచ్చి, అడుగున గసి గోధుమరంగుకు తిరగ్గానే దించెయ్యాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడువాసనే. దించేముందు తమలపాకో మునగాకో వేస్తారు. ఆ ఆకు కోసం, గసి కలిపిన అన్నం ముద్ద కోసం మేం కొట్టుకునేవాళ్ళం. నీరు లేదు కనుకే నెయ్యి నెలల తరబడి నిలవుంటుంది.

మజ్జిగను పల్లెల్లో అమ్మేవాళ్ళు కాదు. పాడి ఉన్న ఇంటికి లేనివాళ్ళు ముంత పట్టుకుని వెళ్ళేవాళ్ళు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు అనే సామెత అలా పుట్టిందే. పులిసిన చల్లలో గాట్లు పెట్టిన మిరపకాయలు నానబెట్టి ఎండబెడితే చల్లమిరపకాయలు. పప్పన్నంలోకి వాటిని మించినవి లేవన్నది నా తీర్పు.

జున్ను కథ వీటన్నిటికీ వేరు. తోడు అక్కర్లేదు, చిలకక్కర్లేదు. ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలలో మాంసకృత్తులు మామూలు పాలలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వేడి తగిలితే చాలు, గుడ్డు ఉడికినట్టు గడ్డకడతాయి. మొదటి రోజు పాలైతే ఒక గ్లాసుకు ఒకటి రెండు గ్లాసుల మామూలు పాలు కలిపి, తురిమిన బెల్లం, మిరియాల పొడి, ఏలకులు వేసి ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టాలి. పుల్ల గుచ్చితే అంటుకోకుండా రావాలి. మూడో రోజు పాలకు గట్టిదనం తగ్గిపోతుంది కనుక నీళ్ళు, పాలు కలపకుండా వండాలి.

అయితే ఆ మాంసకృత్తుల్లో చాలా భాగం దూడ కోసం తల్లి దాచిన రోగనిరోధక పదార్థాలే. కడుపులో ఉండగా దూడకు అవి అందవు. పుట్టాక కొన్ని గంటల్లో తాగితేనే పేగులు వాటిని పీల్చుకోగలవు, ఒక రోజు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇరుగుపొరుగున గేదె ఈనిందని తెలిసి గిన్నె పట్టుకెళ్ళేవాళ్ళు, దూడ కడుపునిండా తాగిందో లేదో కనుక్కున్నాకే ముర్రుపాలు అడగండి.