రామమోహన్ రాయ్ – మార్ష్‌మన్ వివాదంలో యేసు స్వరూపం: ఏకత్వ, త్రిత్వ వాదాల పరిశీలన

వ్యాససంగ్రహం:
యేసు దైవత్వాన్ని గురించి 1820 నుంచి 1823 వరకు రాజా రామమోహన్ రాయ్‌కూ, శ్రీరామపురం మిషనరీ జాషువా మార్ష్‌మన్‌కూ మధ్య సాగిన వాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యాకరణం ఈ వివాదాన్ని తెరిచిందే గాని తేల్చలేకపోయిందని, ఏ గ్రంథభాగాన్ని ప్రమాణంగా తీసుకొని మిగిలిన భాగాలను చదవాలన్నదే అసలు భేదమని ప్రతిపాదిస్తుంది. తెలుగు బైబిలు పరిభాషకు ఈ చర్చతో గల సంబంధాన్నీ సూచిస్తుంది.

కీలక పదాలు: ఏకత్వవాదం, త్రిత్వవాదం, రామమోహన్ రాయ్, మార్ష్‌మన్, బైబిలు అనువాదం, అద్వితీయ శబ్దం.

1. ప్రవేశిక:
యేసు స్వరూపాన్ని గురించిన చర్చ క్రైస్తవ మతంలో ప్రాచీనమైనది. కుమారుడు తండ్రిచేత సృజింపబడినవాడనీ, తండ్రితో సమానుడు కాడనీ నాల్గవ శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ బోధించారు. క్రీ.శ. 325లో నికేయా సభ ఆ బోధను తిరస్కరించి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని నిర్ణయించింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దేవుడు ఒక్కడే అన్నది త్రిత్వవాదం. తండ్రి ఒక్కడే దేవుడు, యేసు అధికారం ఆయన ఇచ్చినది అన్నది ఏకత్వవాదం. అరియస్ వాదమూ తరువాతి ఏకత్వవాదమూ ఒకటి కావు. లోకసృష్టికి ముందే కుమారుడు ఉన్నాడని అరియస్ ఒప్పుకొన్నారు. పదహారో శతాబ్దిలో సోసినస్ మార్గీయులు దానినీ అంగీకరించలేదు.

భారతదేశంలో ఈ చర్చకు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ ప్రశ్న లేవనెత్తినవారు క్రైస్తవులు కారు. ఉపనిషత్తులను అనువదించి, విగ్రహారాధనను ఖండించిన ఒక హిందూ పండితుడు సువార్తలను చదివి, తన పఠనాన్ని ముద్రించారు. అందువల్ల 'యేసు ఎవరు?' అన్న ప్రశ్నతో పాటు 'ఈ గ్రంథాన్ని వ్యాఖ్యానించే అధికారం ఎవరిది?' అన్న ప్రశ్న కూడా ముందుకు వచ్చింది.

2. సంకలనమే వ్యాఖ్యానం:
1820లో రామమోహన్ రాయ్ నాలుగు సువార్తల నుంచి యేసు బోధలను ఏరి, 'యేసు ఉపదేశాలు' అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో ప్రకటించారు. అద్భుతకార్యాలనూ, చరిత్రభాగాలనూ, సిద్ధాంత వివాదాలకు ఆస్పదమైన వాక్యాలనూ చాలావరకు విడిచిపెట్టారు. అద్భుతాలు విశ్వాసం లేనివారిలో సందేహాలు రేపుతాయనీ, అంతకంటె ఆశ్చర్యకరమైన కథలు గల ఆసియా ప్రజలను అవి కదిలించవనీ ఆయన కారణం చెప్పారు. సంకలనంలో సింహభాగం మత్తయి, మార్కు, లూకా సువార్తలది. యోహాను సువార్తకు దక్కిన చోటు స్వల్పం.

ఈ ఎంపిక పైకి తటస్థంగా కనిపిస్తుంది. నిజానికి ఎంపికే వ్యాఖ్యానం. కొండమీది ప్రసంగాన్ని ఉంచి సిలువ వృత్తాంతాన్ని తీసివేసిన గ్రంథంలో యేసు గురువుగానే కనిపిస్తాడు, రక్షకుడుగా కనిపించడు. మార్ష్‌మన్ దీనిని సరిగానే గుర్తించారు. ప్రాయశ్చిత్తం లేకుండా ఉపదేశం మాత్రమే మోక్షమార్గం కాజాలదని ఆయన వాదం. అయితే 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా' పత్రికలో వచ్చిన విమర్శ సంకలనకర్తను క్రైస్తవేతరుడైన 'అన్యుడు'గా పేర్కొంది. ఆ మాట రామమోహన్‌ను నొప్పించింది. ఆయన 1820లో మొదటి విజ్ఞప్తినీ, 1821లో రెండవదానినీ, 1823లో చివరి విజ్ఞప్తినీ ప్రకటించారు. మార్ష్‌మన్ సమాధానాలు 1822లో లండన్‌లో గ్రంథంగా వెలువడ్డాయి. చివరి విజ్ఞప్తిని ముద్రించడానికి బాప్టిస్టు మిషన్ ముద్రణాలయం నిరాకరించింది. రామమోహన్ సొంత ముద్రణాలయం ఏర్పాటు చేసుకొన్నారు.

ఇక్కడొక వైచిత్రి గమనించాలి. సిద్ధాంత వివాదాన్ని తప్పించడానికి పుట్టిన సంకలనాన్ని సమర్థించడానికి రామమోహన్ హీబ్రూ, గ్రీకు మూలాలతో సిద్ధాంత వివాదంలోకే దిగవలసి వచ్చింది. ఉపదేశాన్ని ఉపదేశకుని నుంచి వేరు చేయడం ఎంత కష్టమో ఆ మూడు విజ్ఞప్తులే నిరూపిస్తాయి.

3. ఒక పదం చుట్టూ:
ఈ కాలంలోనే రామమోహన్, బాప్టిస్టు మిషనరీలు విలియం ఏట్స్, విలియం ఆడమ్ కలిసి సువార్తలను బెంగాలీలోకి అనువదించసాగారు. యోహాను సువార్త మొదటి అధ్యాయం మూడవ వచనంలో 'దియా' అనే గ్రీకు పదం దగ్గర పని ఆగింది. సమస్తమూ వాక్యం 'చేత' కలిగిందా, వాక్యం 'ద్వారా' కలిగిందా అన్నది సమస్య. 'చేత' అంటే కుమారుడు కర్త అవుతాడు. 'ద్వారా' అంటే కర్త తండ్రి, కుమారుడు సాధనం. రెండవ అర్థం అరియస్ వాదానికి దారితీస్తుందన్న శంకతో ఏట్స్ తప్పుకొన్నారు. ఆడమ్ 1821లో ఏకత్వవాదిగా మారారు.

గ్రీకు వ్యాకరణం దృష్ట్యా 'ద్వారా' అన్న అర్థమే బలమైనది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో పౌలు తండ్రికి 'నుండి' అనీ, యేసుకు 'ద్వారా' అనీ విభజించి చెప్పడం ఏకత్వవాదికి మంచి ఆధారం. కాని అదే పౌలు రోమా పత్రిక పదకొండవ అధ్యాయం చివర దేవునికే 'దియా' వాడారు. పైగా, నాల్గవ శతాబ్ది త్రిత్వవాది నిస్సాకు చెందిన గ్రెగరీ, దేవుని ప్రతి క్రియా తండ్రి నుండి బయలుదేరి కుమారుని ద్వారా సాగి ఆత్మలో పూర్ణమవుతుందని చెప్పి, క్రియ ఒక్కటే కనుక దేవుళ్లు ముగ్గురు కారని వాదించారు. అంటే ఏట్స్‌ను భయపెట్టిన పదమే త్రిత్వవాదానికి ఒక స్తంభం. 'ద్వారా' అని ఒప్పుకొన్నంత మాత్రాన ఏట్స్ ఓడిపోరు, ఆడమ్ గెలవరు.

యోహాను సువార్త పదవ అధ్యాయంలో తానూ తండ్రీ ఒకటని యేసు చెప్పిన మాట విషయంలోనూ ఇంతే. పదిహేడవ అధ్యాయంలో శిష్యులు కూడా అలాగే ఒకటి కావాలని యేసు ప్రార్థించాడు కనుక ఆ ఏకత్వం సంకల్పానిదే గాని తత్త్వానిది కాదని రామమోహన్ వాదించారు. ఇది పదునైన వాదం. అయితే తోమా యేసును దేవుడని సంబోధించిన ఇరవయ్యవ అధ్యాయం నుంచి వెనక్కి చదివేవారికి అదే వాక్యం మరోలా వినిపిస్తుంది.

4. బహుదేవతారాధన ఆరోపణ:
ఒకే దైవత్వంలో ముగ్గురిని ఒప్పుకొంటే, ఒకే బ్రహ్మంలో అనేక దేవతలను ఒప్పుకొనే హిందువును ఖండించే హక్కు మిషనరీకి ఉండదన్నది రామమోహన్ వాదాలన్నిటిలో ఎక్కువ చొరవ గలది. గ్రెగరీ చెప్పిన క్రియైక్యం తాత్త్వికంగా దీనికి కొంత సమాధానం. కాని తర్కం కన్న సమత ఇక్కడ ముఖ్యం. తన విశ్వాసంలోని మర్మాన్ని గౌరవించమని కోరేవారు ఎదుటివారి మర్మాన్ని మూఢత్వమనరాదు. మార్ష్‌మన్ గ్రంథప్రమాణాలను విస్తారంగా చూపినా, ఈ నైతిక ప్రశ్న బరువును గుర్తించినట్లు కనిపించదు.

5. తెలుగు పరిభాష సాక్ష్యం:
శ్రీరామపురం మిషన్ 1818లో తెలుగు కొత్త నిబంధననూ ముద్రించింది. నేడు విరివిగా చదివే తెలుగు బైబిలు తరువాతి అనువాదమైనా, కలకత్తా సమస్యలు దానిలోనూ పలకరిస్తాయి. 'దియా'కు ఇందులోని మాట 'మూలముగా'. వాడుకలో దానికి 'ద్వారా' అనే అర్థమున్నా, 'మూలం' అంటే ఆదికారణం కూడా. కలకత్తాలో అనువాదకులను విడదీసిన రెండర్థాలూ ఈ ఒక్క మాటలో ఇమిడాయి.

'వ్యక్తి' శబ్దం మరొక ఉదాహరణ. త్రిత్వాన్ని తెలుగులో 'ముగ్గురు వ్యక్తులు' అని వివరిస్తారు. 'ముగ్గురు' అన్న మనుష్యవాచక సంఖ్య విడివిడి మనుషులనే స్ఫురింపజేస్తుంది. సంస్కృత వ్యుత్పత్తిని బట్టి చూస్తే వ్యక్తి అంటే అభివ్యక్తి. అప్పుడు ఒకే దేవుని మూడు రూపాలన్న అర్థం వస్తుంది. త్రిత్వ సిద్ధాంతం ఈ రెండింటినీ తిరస్కరిస్తుంది. 'త్రిమూర్తి'ని వదలి 'త్రియేక' అన్న సమాసాన్ని ఆశ్రయించడంలోని ఇబ్బంది దీనితో అర్థమవుతుంది.

అన్నిటికన్న ఆలోచింపజేసేది 'అద్వితీయ' శబ్దం. ఛాందోగ్యోపనిషత్తులోని ఈ పదం రామమోహన్ ఏకేశ్వరవాదానికి ప్రాణం. తెలుగు బైబిలులో ఇది కుమారునికి విశేషణం. గ్రీకు మూలానికి 'ఏకైక' అన్నంత అర్థమే చాలు. కాని భారతీయ పాఠకుని చెవిలో ఆ పదం బ్రహ్మాన్ని తలపింపజేస్తుంది. ఇది అనువాదకులు ఉద్దేశించిన ఫలితమా కాదా అన్నది వేరు ప్రశ్న. భాష మాత్రం త్రిత్వవాదం వైపు ఒక అడుగు వేసింది.

6. ముగింపు:
మత్తయి వెలుగులో యోహానును చదివితే రామమోహన్ యేసు, యోహాను వెలుగులో మత్తయిని చదివితే మార్ష్‌మన్ యేసు కనిపిస్తారు. విభక్తులూ నిఘంటువులూ ఈ పఠనక్రమాన్ని నిర్ణయించలేవు. కాబట్టి ఈ వివాదంలో ఒకరిని వ్యాకరణం తెలియనివారుగా, మరొకరిని విశ్వాసం లేనివారుగా తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఒక మతగ్రంథాన్ని ఆ మతంలో లేనివారు శ్రద్ధతో చదివినప్పుడు వారికి ఇవ్వవలసిన మర్యాద ఏమిటన్న విషయంలో మాత్రం రామమోహన్ పక్షమే బలమైనది.

జాషువ 'క్రీస్తు చరిత్ర' వంటి తెలుగు కావ్యాలను పరిశీలించే పరిశోధకులు క్రీస్తు పాత్రచిత్రణను వర్ణించడంతో ఆగిపోకుండా, కవి ఏ సువార్తను ప్రమాణంగా తీసుకొన్నారు, దేనిని విడిచిపెట్టారు, కుమారునికి ఏ విశేషణాలు వాడారు అని ప్రశ్నించుకొంటే కావ్యంలోని యేసు స్వరూపం స్పష్టపడుతుంది.