ఎవరూ కెమెరా వైపు చూడని ఫొటో

ఆళ్లగడ్డలో ఒక ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. బోర్డు మీద రాసిందీ అదే, గోడల మీద వేలాడేవీ అవే. కౌంటరు పక్కన మాత్రం పన్నెండు పద్దెనిమిది సైజులో ఫ్రేము కట్టించిన ఒక ఫొటో వేరేగా ఉంటుంది. ఆధార్ జిరాక్సు కోసం లోపలికి వెళ్లిన నేను దాని ముందు అరగంట నిలబడిపోయాను. తీసినాయన పేరు రాయొద్దన్నాడు. రాయడం లేదు.

ఫొటోలో ఉన్నది అహోబిలం పారువేట. కనుమ నాడు ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడూ, దిగువ అహోబిలం ప్రహ్లాద వరదుడూ ఒకే పల్లకీ ఎక్కి ఊళ్ల మీదికి బయల్దేరతారు. నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన పల్లెలు తిరుగుతారు. స్వామి తన పెళ్లికి తానే పిలుపులకు వస్తాడని ఈ చుట్టుపక్కల జనం మాట. పెళ్లికూతురు చెంచులక్ష్మి కాబట్టి నల్లమల చెంచులకు ఆయన ఇంటల్లుడు. పల్లకీ మీదికి వాళ్లు బాణం వేయడం ఆనవాయితీ. ఏటా ఆ బాణం కోసం కాచుకునే కెమెరాలకూ సెల్‌ఫోన్లకూ లెక్కలేదు. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. విల్లెక్కుపెట్టిన మనిషి ఎదురుగా ఉంటాడు, చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకున్న చేతులు, సగం మంది కెమెరా వైపే చూస్తూ.

ఈ ఫొటోలో ఒక్క మనిషి కూడా కెమెరా వైపు చూడడు. ముందు మనకు కనిపించేది ఒక చెంచు పెద్దాయన వీపు. ఎడమ భుజం, చాచిన ముంజేయి, దవడ ఎముక మీద పడిన ఎండ చీలిక. విల్లు ఫ్రేములో మూడో వంతు ఆక్రమించింది. దాని వంపులోంచి అంత దూరాన పల్లకీ, దాని కింద నలుగురు బోయీల మొహాలు. ముగ్గురు బాణం వైపు చూస్తున్నారు. నాలుగో ఆయన భుజం మార్చుకుంటూ నేల చూస్తున్నాడు. ఆ నాలుగో మొహం దగ్గరే నాకు ఈయన మీద గురి కుదిరింది. పనిలో ఉన్న మనిషి అట్లాగే ఉంటాడు.

ఫొటో పని తెలిసినవాళ్లకు ఇందులో ఒక విషయం వెంటనే తడుతుంది. దూరం నుంచి జూమ్ లాగి తీస్తే వెనకదీ ముందుదీ అతుక్కుపోయినట్టు వస్తాయి. ఇందులో విల్లు ఇంత పెద్దగా, పల్లకీ అంత చిన్నగా ఉంది, రెంటికీ నడుమ గాలి ఆడుతోంది. అంటే వెడల్పు లెన్సు పెట్టి, విల్లు పట్టిన మనిషికి నాలుగడుగుల్లో నిలబడి తీసింది. అడిగితే ముప్పై అయిదు ఎంఎం అన్నాడు. కుడిచేత్తో నారి లాగే మనిషికి కుడి మోచెయ్యి వెనక్కి వస్తుంది. అందుకని ఈయన ఎడమ వెనక నిలబడ్డాడు. అంత జనంలో, అంత దగ్గరగా, ఎవరూ తొయ్యకుండా, ఎవరూ తిట్టకుండా ఆ నాలుగడుగుల జాగా ఎట్లా దొరికింది?

"ముందురోజు గూడేనికి పోయినా సార్. కెమెరా ఇంట్లోనే పెట్టి పోయినా. ఇట్లా నీ వెనక నిలబడతా పెద్దాయనా, సరేనా అని అడిగినా. మోచెయ్యి తగలకుండా నిలబడు నాయనా, అంతే అన్న్యాడు."

ఈయన పనితనంలో నాకు నచ్చిందంతా ఆ మాటలో ఉంది. మనం అనుమతినీ మర్యాదనూ ఫొటోకు బయట ఉండే తలనొప్పిగా లెక్కేస్తాం. ఈయన ఫొటోలో అవి కోణమై, దూరమై, నాలుగో బోయీ మొహమై కనిపిస్తాయి. అడగకుండా తీసినవాడికి ఆ కోణం దొరకదు.

అహోబిలంలో అడగాల్సిన గుమ్మాలు ఒకటి కాదు. గుడి సంగతి తీసుకుంటే, చాలామంది అలవాటు కొద్దీ దేవాదాయ శాఖ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ఇక్కడి గుడులు ఆదివణ్ శఠకోప జీయరుతో మొదలైన అహోబిల మఠానివి. గుడికి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును నియమించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదని 2022 అక్టోబరులో హైకోర్టు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. కాబట్టి అర్జీ మఠానికి పోవాలి. గర్భాలయం ముందు కెమెరా తీయకూడదనే సంగతికి అర్జీతో పని లేదు, అది అందరికీ తెలిసిందే.

ఆ అర్జీ నకలు ఒకటి నాకు చూపించాడు. ఒక్క పేజీ, తెలుగులో. తేదీ, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎంతమంది వస్తారు, ఏ సామాను తెస్తారు. సామానులో బ్యాటరీల లెక్కతో సహా ఉంది. ఫ్లాష్ లేదు, స్టాండు లేదు, డ్రోన్ లేదు అని మూడు 'లేదు'లు వేరే లైన్లలో రాశాడు, చదివేవాళ్లు వెతుక్కునే పని లేకుండా. ఫొటోలు ఎక్కడ వేస్తారు, అమ్ముతారా లేదా అన్నది ఆ కింద. ఆఖరి వాక్యం మాత్రం ఏ నమూనా దరఖాస్తులోనూ నేను చూడలేదు: అర్చకస్వాములు గానీ, పల్లకీ మోసేవాళ్లు గానీ చెయ్యి ఎత్తితే ఆ క్షణం నుంచి కెమెరా మూసేస్తాము. పెద్ద చదువు చదివిన లాయరు కూడా పల్లకీ మోసేవాళ్లను అందులో చేర్చి ఉండడు.

గుడి దాటితే అడవి. నవ నారసింహ క్షేత్రాల్లో పావన నరసింహుడి దాకా పోవాలంటే నల్లమలలో చాలా లోపలికి పోవాలి. రిజర్వు అడవిలో 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం నడుస్తుంది. అభయారణ్యం హద్దులో అడుగు పెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వస్తుంది. అందులో 28వ సెక్షను కింద అనుమతి ఇవ్వదగిన పనుల్లో ఫొటోగ్రఫీ పేరు విడిగా రాసే ఉంది. అంటే అడిగితే ఇచ్చే వీలు చట్టమే పెట్టింది, అడగకుండా పోయే వీలు పెట్టలేదు. డ్రోన్లవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు బుల్లి డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, నిజమే. అది విమానయాన శాఖ మాట. బరువు తక్కువని అటవీ శాఖ ఊరుకోదు, చెట్టు మీది గద్ద అసలే ఊరుకోదు.

నా బుద్ధితక్కువ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పదేళ్ల కిందట కడప జిల్లాలో ఒక రక్షిత కట్టడం దగ్గర కెమెరాకు స్టాండు వేశాను. కాపలా ఆయన వచ్చి తీయమన్నాడు. టికెట్టు కొన్నాను, కెమెరాకు రుసుము కట్టాను, ఇంకేంటని గట్టిగానే అడిగాను. ఆయన గొంతు పెంచలేదు, "చేత్తో పట్టుకుని తీసుకోండి సార్, స్టాండు వద్దు" అని మూడుసార్లు అదే మాట చెప్పాడు. ఇంటికొచ్చాక చూస్తే న్యాయం ఆయన వైపే ఉంది. పురాతన కట్టడాల మీద 1959లో చేసిన కేంద్ర నియమాల్లో, చేతి కెమెరాతో తీసుకోవడానికి వీలిస్తూనే, అనుమతి లేకుండా కెమెరా స్టాండు, స్టూలు, కుర్చీ, బల్ల లాంటివి లోపలికి తేకూడదని వరసగా రాశారు. చిత్రకారుల ఈజిల్ కూడా ఆ వరసలో ఉంది. ఇనుప కాళ్లు గుచ్చుకునే రాతి నేలను తలుచుకుంటే ఆ వరస ఎందుకో తెలుస్తుంది. గండికోటకైనా, ఒంటిమిట్టకైనా పోయేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఆ కాపలా ఆయనకు నేనింకా క్షమాపణ బాకీ.

సరే, కాగితాల సంగతి ఎక్కడైనా అడిగి తెలుసుకోవచ్చు. కాగితంతో పని లేని చోట మనిషి ఎట్లా ఉంటాడన్నది చూద్దామని ఒక రోజు ఈయన వెంట ఎగువ అహోబిలం వెళ్లాను. భవనాశిని ఒడ్డున జనం స్నానాలు చేస్తున్నారు. బండల మీద ఆరేసిన చీరలు, వాటి వెనక నీటి వెలుగు. ఏ ఫొటోగ్రాఫరుకైనా చెయ్యి ఊరుకోని చోటు. ఈయన లెన్సుకు మూత పెట్టి, ఆ మలుపు దాటేదాకా తియ్యలేదు. ఆడవాళ్లను చాటుగా తీయడం నేరమని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను చెబుతుందని నేను అంటే నవ్వాడు. "సెక్షను నాకు తెలీదు సార్. మా చెల్లెలు గూడా ఈడ్నే మునుగుతాది."

జ్వాలా నరసింహుడి దారిలో కొండ అంచు నుంచి నీళ్లు రాలే చోట ఒక అవ్వ కూర్చుని ఉంది. మొహం నిండా ముడతలు, ముక్కుకు రెండు పక్కలా పుడకలు. అడిగాడు.

"అవ్వా, ఒక ఫొటో తీసుకుంటా?"

"వద్దు నాయనా. నాకు బాగుండదు."

ఈయన కెమెరా దించి ఊరుకోలేదు. సంచిలో పెట్టి జిప్పు లాగాడు. తర్వాత అవ్వ పక్కన కూర్చుని ఏ ఊరు, ఎవరితో వచ్చావు అని మాట్లాడాడు. దించి చేతిలో పట్టుకుంటే ఇంకా అడుగుతున్నట్టే కదా సార్, అన్నాడు కిందికి దిగేటప్పుడు. కాసేపు మాట్లాడాక అవ్వ మనసు మార్చుకుని తీయమంటుందేమోనని నేను కథల పద్ధతిలో ఎదురు చూశాను. అనలేదు. ఆ ఫొటో లేదు.

ఈయనను మరీ ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. రంగుల దగ్గర చెయ్యి బరువు. పసుపును నారింజ చేస్తాడు, నల్లమల పచ్చదనాన్ని ప్లాస్టిక్ చేస్తాడు. దిగువ అహోబిలం గుడి స్తంభాల మీద చెంచులక్ష్మిని అనునయించే నరసింహుడి శిల్పాన్ని తీసిన ఫొటోలో రాయి రాయిలా లేదు, మైనంలా ఉంది. రాతి పనికి పేరుపడ్డ ఆళ్లగడ్డలో ఉంటూ రాయిని అట్లా తీయడం నాకు మింగుడుపడలేదు. చెప్పాను కూడా. పెళ్లి ఆల్బముల అలవాటు సార్, అన్నాడు.

చెంచులను ఫొటోలు తీయడం కొత్త కాదు. కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలోని చెంచుల మధ్య 1940లో క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో, సోయస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. మంచి పనే. కానీ ఫొటోలో ఉన్నవాళ్ల మనవలు దాన్ని చూడాలంటే లండన్ పోవాలి, లేదా కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఆళ్లగడ్డ ఆయన పద్ధతి చిన్నది. తీసిన ప్రతి మనిషికీ ఒక కాగితపు ప్రింటు. వాట్సాప్‌లో పంపితే సరిపోదా అంటే, గూడెంలో ఫోను మారుతాది, కాగితం మారదు అంటాడు. విల్లు పట్టిన పెద్దాయనకూ ఒకటి, నలుగురు బోయీలకు నాలుగు. తర్వాతి కనుమకు కవర్లో పెట్టి, వెనక పేరు రాసి తీసుకెళ్లాడు. నాలుగో ఆయన తన మొహం చూసుకుని, నేను పైకి చూసి ఉండాల్సింది అన్నాడట.

చట్టం ఇక్కడ ఈయనకు పూర్తి స్వేచ్ఛ ఇస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోల మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లది. తనకై తాను తీసిన ఫొటో మీద హక్కు తీసినవాడిది, బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో అరవై ఏళ్లు. గోడ మీది ఫొటో ఈయన సొంతం. ఎవరికైనా అమ్ముకోవచ్చు.

మొన్న ఒకరు క్యాలెండరు మీద వేస్తామని వచ్చారు. మంచి రేటే చెప్పారు. ఈయన రెండు రోజులు గడువడిగి గూడేనికి పోయి పెద్దాయనను అడిగాడు. క్యాలెండరు ఏడాది కాగానే చెత్తలో వేస్తారు గదా, సామి ఉన్న బొమ్మ, వద్దులే అన్నాడట పెద్దాయన. ఆ క్యాలెండరు వేరే ఫొటోతో వచ్చింది. ఇది ఇంకా స్టూడియో గోడ మీదే ఉంది.