ఛేజ్‌లో పక్కన నిలబడ్డవాళ్లు

మైండ్‌స్పేస్ నుంచి మణికొండకి సాయంత్రం ఏడింటికి క్యాబ్ ఎక్కితే సగం సినిమా అయిపోతుంది. నేను నిజంగానే అలా చూస్తుంటాను. పోయిన వారం ఐకియా దగ్గర బండి ఆగిపోయినప్పుడు ఫోన్‌లో 'ది బోర్న్ ఐడెంటిటీ' (2002) నడుస్తోంది. పారిస్‌లో ఆ ఎర్ర మినీ కారు మెట్ల మీంచి దడదడా దిగుతుంటే, డ్రైవరన్న మెడ తిప్పి చూసి, "గా ఊర్ల ట్రాఫిక్ ఉండదా అన్నా?" అన్నాడు. నవ్వేశాను. కానీ ఇంటికెళ్లాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు.

స్పై సినిమాల్లో గొప్ప కార్ ఛేజ్ ఏదంటే మా ఫ్రెండ్స్‌లో అందరూ స్పీడ్ గురించే మాట్లాడతారు. లేదంటే ఎన్ని కార్లు పగిలాయన్న లెక్క. బోర్న్‌లో నాకు నచ్చేది మాత్రం కారు కదలకముందు ఉండే కాసేపు. పోలీసులు దగ్గరికొస్తుంటారు. అతను మ్యాప్ ముందేసుకుని, ఈ కారుని బాగానే చూసుకుంటున్నావా, టైర్లెలా ఉన్నాయి అని అడుగుతాడు. కొంచెం కుడివైపుకి లాగుతుంది అంటుంది ఆ అమ్మాయి. అంతే, ఆ కారు మనకి తెలిసిపోతుంది. మా నాన్న చేతక్‌ని ఎడమవైపుకి వంచితే గానీ స్టార్టవదని ఇంటిల్లిపాదికీ తెలిసినట్టు. ఇక అది ఏ మలుపు తిరిగినా మన గుండె కుడివైపుకే లాగుతుంది.

బాండ్ సినిమాల్లో నా ఓటు 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'కి (1981). అందులో బాండ్ గారి లోటస్ కారుని దొంగతనం నుంచి కాపాడే ఏర్పాటే దాన్ని పేల్చేస్తుంది. దాంతో ఆయన హీరోయిన్‌తో కలిసి పసుప్పచ్చటి సిట్రోయెన్ టూసీవీలో పారిపోవాల్సొస్తుంది. మన మారుతి 800 కూడా దాన్ని చూసి జాలిపడుతుంది. దారిలో అది ఒక పల్లెటూళ్లో పక్కకి ఒరిగిపోతే అక్కడి జనం వచ్చి చేతులేసి నిలబెడతారు. ఏ గాడ్జెట్టూ చెయ్యలేని పని పదిమంది చేశారు. అక్కడ రోడ్డంటే ఎవరిదో ఊరు. బండి ఆ ఊరి మధ్యలోంచి వెళ్తోంది, అక్కడ జనం ఉన్నారు.

మనవాళ్ల సంగతికొస్తే, తెలుగులో మొదటి స్పై హీరో ఉద్యోగానికి ఇంటర్వ్యూనే ఒక ఛేజ్. 'తేనె మనసులు' (1965) సినిమాలో కృష్ణ స్కూటర్ మీద కారుని వెంటాడి, డూప్ లేకుండా కారు మీదకి దూకారు. అది చూసే నిర్మాత డూండీ ఆయన్ని 'గూఢచారి 116'కి (1966) తీసుకున్నారని చెప్తారు. ఎప్పుడు తల్చుకున్నా భలే ఉంటుందీ సంగతి. ముందూ వెనకా ఏమీ లేని కొత్త కుర్రాడు, కాలు జారితే పోయేది తన ప్రాణమే. ఆ ఒక్క దూకుడులో ఎంత బరువుందో నిర్మాత కనిపెట్టాడు. అక్కణ్నుంచి మన స్పై ఎంత దూరం వచ్చాడో చూస్తే గర్వమూ వేస్తుంది, ఇంకేదో కూడా వేస్తుంది. 2018లో వచ్చిన 'గూఢచారి' నాకిష్టమే. అయితే అందులోంచి నాకు గుర్తున్నవి మనుషులూ అనుమానాలూ తప్ప రోడ్డు కాదు. 'స్పైడర్' (2017) కథ హైదరాబాద్‌లోనే జరుగుతుంది గానీ, అందులో వెంటపడేది పెద్ద బండరాయి. ఈ ఊరికి అది ఒక రకంగా న్యాయమే.

'సాహో' దగ్గర ఆగాలి. 2019 ఆగస్టు 30న విడుదల, మొదటి రోజే చూశాను. ప్రచారమంతా అబుదాబి ఛేజ్ చుట్టూనే తిరిగింది. తెర మీద ట్రక్కులు బోల్తా కొడుతుంటే, కార్లు గాల్లోకి లేస్తుంటే హాలుతో పాటు నేనూ ఈలేశాను, అబద్ధమెందుకు. బయటికొచ్చాక ఒక్క మలుపూ గుర్తులేదు. అబుదాబికి ఎందుకెళ్లారో అర్థమవుతూనే ఉంది. ఖాళీ రోడ్డు కావాలి. రోడ్డు ఖాళీగా ఉంటే కారుకి బరువుండదు, ఎంత ఎత్తు లేస్తే అంత ఆనందం. ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్నే రాదు.

ఆ ఏడాది నవంబరు 4న మా ఆఫీసుకి దగ్గర్లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ తెరిచారు. పందొమ్మిది రోజులకి, 23న, శనివారం, ఒక కారు విపరీతమైన వేగంతో వచ్చి మలుపు దగ్గర పైనుంచి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. వారంలో ఐదు రోజులు నేను షేర్ ఆటో కోసం నిలబడేది కూడా ఆ చుట్టుపక్కలే. సాయంత్రానికి సీసీటీవీ వీడియో వాట్సాప్‌లో అందరికీ వచ్చేసింది. నేను మూడుసార్లు చూశాను. మూడోసారి చూస్తున్నప్పుడు నా బొటనవేలు కారు గాల్లో ఉన్న చోట వీడియో ఆపింది. కారు ఏ కోణంలో తిరిగిందో చూస్తున్నాను! కింద నిలబడ్డ మనుషులు ఫ్రేములో ఎక్కడున్నారో అప్పటిదాకా వెతకనే లేదు. 'సాహో' వల్ల అలా తయారయ్యానని అనను, ఆ మాట అన్యాయం. ముప్పై ఏళ్లుగా చూసిన ఛేజ్‌లన్నీ నా కళ్లకి కారునే చూడ్డం నేర్పాయి, నేనూ ఇష్టంగానే నేర్చుకున్నాను.

తర్వాత చాన్నాళ్లు ఛేజ్‌లు చూళ్లేకపోయాను. మళ్లీ చూసింది 'రోనిన్' (1998). ఫ్రాంకెన్‌హైమర్ తీసింది, రిటైరైన గూఢచారులు కిరాయికి పనిచేసే కథ. పారిస్‌లో ప్యూజోలో డి నీరో, ముందు బీఎండబ్ల్యూ, రెండూ ఎదురొచ్చే ట్రాఫిక్‌లోకి దూసుకుపోతాయి. కొండాపూర్‌లో రాంగ్ సైడ్ అంటే యూటర్న్ మిగుల్చుకోవడం, ఇక్కడ మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే ఎదురొచ్చే ప్రతి కారులో ఎవరో ఇంటికెళ్తున్నారు. వాళ్లు బ్రేకేస్తారు, తప్పుకుంటారు, గుద్దుకుంటారు. నటులు భయపడుతున్నట్టు నటించడం లేదనిపిస్తుంది. స్టీరింగ్ కుడివైపున్న కార్లు తెచ్చి, అసలు డ్రైవర్‌ని అటు కూర్చోబెట్టి, నటుల చేతికి ఎడమవైపు ఉత్తుత్తి స్టీరింగ్ ఇచ్చారు. ఆ వేగంలో వాళ్లు నిజంగానే కారులో ఉన్నారు, కంట్రోల్ మాత్రం వాళ్ల చేతుల్లో లేదు.

చివరికి టైరు పేలి బీఎండబ్ల్యూ ఇంకా కట్టడం పూర్తికాని వంతెన మీంచి కింద పడుతుంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అక్కడ పనిచేస్తున్న కూలీలు పరిగెత్తుకొచ్చి, మంటలంటుకుంటున్న కారులోంచి మనుషుల్ని లాగుతున్నారు. వాళ్లకి పేర్లు లేవు. కారులో ఉన్నది మంచివాళ్లో చెడ్డవాళ్లో వాళ్లకి తెలీదు. ఆ కొద్ది సెకన్ల కోసమే ఆ ఛేజ్ నా లిస్టులో అన్నిటికన్నా పైనుంది.

మన సినిమాల్లో సైబరాబాద్ అంటే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద డ్రోన్ షాట్, లైట్లు, తర్వాత కట్. ఇక్కడ ఛేజ్ తియ్యాలంటే నీళ్ల ట్యాంకర్లుంటాయి, డెలివరీ కుర్రాళ్లుంటారు, షిఫ్ట్ దిగి రోడ్డు దాటడానికి చెయ్యి చాపి నిలబడే సెక్యూరిటీ గార్డులుంటారు. వాళ్లని తప్పించుకుంటూ ఒక స్పై వెళ్లాలి. గంటకి నలభై దాటకపోయినా ఫర్లేదు, మొదటి రోజే చూస్తాను.

ఫ్లైఓవర్‌ని కొన్ని వారాలు మూసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. మొన్న ఆ డ్రైవరన్న కూడా దాని మీంచే తీసుకెళ్లాడు. మలుపు దగ్గర ఎవరూ చెప్పకుండానే బండి నెమ్మది చేశాడు. నేను ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి కిందకి చూశాను. గోడ అడ్డమొచ్చి, బస్సు కోసం నిలబడ్డవాళ్లెవరూ కనబడలేదు.